ముసలి కుక్కకు కష్టం లేని ముగింపు: ఇంటి దగ్గర ముందుగా ఏమేం చూసుకోవాలి?

పొలం కాపలాకో, ఇంటి కాపలాకో కుక్కను పెంచని రైతు అరుదు. మిరప కల్లం దగ్గర, బత్తాయి తోటలో, గొర్రెల దొడ్డి ముందు రాత్రంతా మేలుకొని ఉండేది అదే. చేలో పందులు పడితే ముందుగా మొరిగేదీ అదే. పది పన్నెండేళ్లు అలా మన గడప పట్టుకొని ఉన్న కుక్క ఒకరోజు లేవలేకపోతుంది. ముద్ద పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. రాత్రి అందరూ పడుకున్నాక మూలుగుతుంది.

అప్పుడు మన ఊళ్లలో మామూలుగా జరిగేవి మూడు. ఒకటి, గోనెసంచిలో వేసుకెళ్లి పక్క ఊరి పొలిమేరలో వదిలేసి రావడం. రెండు, కొట్టం వెనక ఒక మూలన పడేసి దాని రోజులు అదే చూసుకుంటుందని ఊరుకోవడం. మూడు, అన్నంలో పురుగుమందు కలిపి పెట్టడం. ఈ మూడూ ఆ జీవానికి నరకమే. కారణం లేకుండా వదిలేయడం, తిండీ నీళ్లూ లేకుండా మాడ్చడం, క్రూరంగా చంపడం 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరాలు కూడా.

ఇది రాస్తున్న నేను ఆ మూడో తప్పు జరిగిన ఇంట్లో పెరిగినవాడినే. నేను ఏడో తరగతిలో ఉండగా మా కుక్క నడుము పడిపోయింది. మా నాన్న చెడ్డవాడు కాదు. దాని బాధ చూడలేకనే, ఎవరో చెప్పిన మాట విని, గుళికల మందు పెరుగన్నంలో కలిపాడు. రోజూ పెట్టే చెయ్యి కాబట్టి అది నమ్మి తిన్నది. నిమిషాల్లో పోతుందని చెప్పారట. రెండు గంటలకు పైగా పట్టింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. తెల్లారి పెంటదిబ్బ దగ్గర రెండు కాకులు కూడా చచ్చి పడి ఉన్నాయి. తర్వాత పదేళ్ల పైన మా ఇంట్లో కుక్క లేదు.

నాలుగో దారి ఒకటి ఉన్నదని అప్పుడు మాకు తెలియదు. నయం కాని జబ్బుతో నరకం పడుతున్న జంతువుకు పశువైద్యుడు మత్తు ఇచ్చి, నొప్పి తెలియకుండా ప్రాణం పోయేట్టు చేయడమే ఆ దారి. దీన్నే కారుణ్య మరణం అంటున్నారు. మనం ముందుగా కొన్ని ఏర్పాట్లు చేసుకుంటే ఇది మన వాకిట్లోనే, దానికి అలవాటైన చోటనే జరిగిపోతుంది. ఆ ఏర్పాట్లు ఏమిటో వరసగా చూద్దాం.

ముందు ఇది నిజంగా ఆఖరేనా?

చూడ్డానికి ఆఖరి ఘడియల్లా కనిపించే జబ్బుల్లో నయమయ్యేవి చాలా ఉన్నాయి. తొందరపడి నిర్ణయానికి రాకండి.

పుండులో పురుగులు పడితే కుక్క కుళ్లిపోయినట్టు వాసన కొడుతుంది. పురుగులు తీసి, శుభ్రం చేసి, మందు కడితే కొద్ది వారాల్లో చాలావరకు మానుతుంది. గోమార్ల వల్ల వచ్చే జ్వరంలో చిగుళ్లు పాలిపోతాయి, ముక్కు నుంచి రక్తం కారవచ్చు, కుక్క తిండి మానేసి పడిపోతుంది. వేళకు మందులు పడితే ఇందులో చాలా కుక్కలు లేచి తిరుగుతాయి. జననాంగాల దగ్గర కాలీఫ్లవర్ పువ్వులా ఎర్రటి కండ పెరిగి రక్తం కారే గడ్డ మన ఊరకుక్కల్లో చాలా ఎక్కువ. కుక్కలు కలిసినప్పుడు ఒకదాని నుంచి ఇంకొకదానికి అంటుతుంది. క్యాన్సరని వదిలేస్తారు గానీ, వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ ఇస్తే ఎక్కువ కుక్కల్లో పూర్తిగా కరిగిపోతుంది. ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాలకు ఆడకుక్క నీళ్లు తెగ తాగుతూ, కడుపు ఉబ్బి, చీము కారుస్తుంటే గర్భసంచిలో చీము పట్టి ఉండవచ్చు. ఆపరేషన్‌తో అది బతుకుతుంది, కాకపోతే ఆలస్యం చేయకూడదు.

ఇక, ఒళ్లంతా పాకిన క్యాన్సర్, పూర్తిగా చెడిపోయిన మూత్రపిండాలు, వెన్ను విరిగి వెనక కాళ్లలో స్పర్శ కూడా లేకపోవడం, మందులకు లొంగని మూర్ఛలు, పడుకోనివ్వని ఆయాసం, ఇవీ నిజంగా దారి మూసుకుపోయే జబ్బులు. ఏది ఏదో తేల్చవలసింది డాక్టరు గారే. ఒకసారి పరీక్ష చేయించకుండా చివరి మాట అనుకోవద్దు.

ఒక హెచ్చరిక. ఇంట్లో ఉన్న ఒళ్లునొప్పుల బిళ్లలు కుక్కకు వేయకండి. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటివి కడుపులో పుండ్లు పెడతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పిల్లికైతే ఒక్క పారాసిటమాల్ బిళ్లే ప్రాణం తీయగలదు.

పిచ్చి లక్షణాలుంటే దారి వేరు

కుక్క ఉన్నట్టుండి గుణం మార్చుకున్నా, కింది దవడ వేలాడేసి చొంగ కారుస్తున్నా, గొంతు మారి విచిత్రంగా అరుస్తున్నా, నీళ్లు మింగలేకపోతున్నా రేబిస్ అని అనుమానించాలి. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చెయ్యి పెట్టి చూస్తారు. ప్రమాదమంతా అక్కడే. దగ్గరికి పోకుండా, వీలైతే ఒక గదిలో తలుపు వేసి, వెంటనే పశువైద్యుడికి చెప్పండి. కరిచినా, గీరినా, పుండు మీద చొంగ పడినా ఆ చోటును సబ్బుతో, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

కుక్క ఎవరినైనా కరిచి 10 రోజులు దాటకపోతే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. కరిచిన కుక్కను 10 రోజులు గమనించడం రివాజు. దాని బాగోగులను బట్టి కరిపించుకున్న మనిషి చికిత్సలో నిర్ణయాలు ఉంటాయి. చనిపోయాక పరీక్ష చేయవలసి వస్తే మెదడు కావాలి. అందువల్ల తల మీద కొట్టి చంపడం ఏ విధంగానూ తగదు.

ఎప్పుడు అన్నది ఎలా తేల్చుకోవాలి?

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. ఈరోజు కాస్త తోకాడించింది కదా అనుకుంటాం. రేపు మళ్లీ మూలుగుతుంది. మనసు ఒకచోట నిలవదు. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఒక కొలత పెట్టారు. ఏడు ప్రశ్నలు. ఒక్కోదానికి 10 మార్కులు. బాగుంటే 10, అసలు బాగాలేకపోతే సున్నా. మన మాటల్లో చెప్పుకుంటే అవి ఇవీ:

1. నొప్పి అదుపులో ఉందా? ఊపిరి హాయిగా తీసుకుంటోందా?
2. తనంత తాను తింటోందా?
3. నీళ్లు తాగుతోందా? ఒళ్లు ఎండిపోకుండా ఉందా?
4. ఒళ్లు శుభ్రంగా ఉంచగలుగుతున్నామా? మలమూత్రాల్లోనే పడి ఉంటోందా?
5. మనల్ని చూస్తే మొహంలో వెలుగు వస్తోందా?
6. లేచి నాలుగు అడుగులు వేయగలుగుతోందా?
7. చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా?

మొత్తం 70కి 35 దాటితే ఇంకా సేవ చేస్తూ చూడవచ్చని ఆమె లెక్క. ఇదేమీ శాసనం కాదు. కానీ ఇంట్లో నలుగురూ నాలుగు రకాలుగా అంటున్నప్పుడు అందరూ కూర్చుని మార్కులు వేస్తే మాట ఒకచోటికి వస్తుంది.

ఏడో ప్రశ్నకు మన గోడ మీది క్యాలెండరు చాలు. పాల లెక్క రాసుకునే చోటనే, మంచి రోజైతే ఒక సున్నా, చెడ్డ రోజైతే ఒక ఇంటూ పెట్టండి. రెండు వారాలు చూడండి. వరసగా ఇంటూలు పడుతుంటే ఇక మనం ఆగుతున్నది దాని కోసం కాదు, మన కోసం.

పాపం కదా అనే మాట

ఇంట్లో పెద్దవాళ్లు తప్పకుండా ఈ మాట అంటారు. అనడంలో తప్పు లేదు. పెంచిన చేత్తో ప్రాణం తీయించడం ఎవరికీ తేలిక కాదు. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక లేగదూడ నయం కాని జబ్బుతో గిలగిల్లాడుతుంటే, డాక్టరు చేత ఇంజెక్షన్ ఇప్పించి దాని బాధ తీర్చడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. అహింసే వ్రతంగా పెట్టుకున్న ఆయన ఆ సంగతి దాచకుండా తన పత్రికలో రాశారు. కోపంతో ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. అయినా ఆయన తన నిర్ణయాన్ని సమర్థించుకున్నారు.

ఒప్పుకోని ఇళ్లూ ఉంటాయి. వారు చేయవలసింది వేరే ఉంది. డాక్టరు రాసిన నొప్పి మందు వేళ తప్పకుండా వేయాలి. మెత్తటి పక్క వేసి, మూడు నాలుగు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి. లేకపోతే ఒత్తిడి పుండ్లు పడతాయి. ఈగలు వాలకుండా తడి తుడిచి, చెంచాతో నీళ్లు పట్టాలి. మందు ఇప్పించం, సేవా చేయం అంటే మాత్రం అది జీవకారుణ్యం కాదు.

డాక్టరుతో ముందు మాట్లాడవలసినవి

ఇది రిజిస్టరైన పశువైద్యుడు చేయవలసిన పని. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేసే హక్కు వారిదే. ఊళ్లో సూదులు వేసే కాంపౌండరో, మందుల షాపు అతనో చేస్తానంటే ఒప్పుకోకండి. మందు తప్పినా, మోతాదు తగ్గినా సగం ప్రాణంతో కొట్టుకుంటుంది. మత్తు ఇవ్వకుండా ఊపిరి ఆపే మందో, గుండె ఆపే మందో ఇచ్చేస్తే కుక్క కదలలేదు గానీ బాధ అంతా తెలుస్తుంది.

మీ మండలంలోని పశువైద్యశాలకు వెళ్లి, ఒకరోజు ముందే మాట్లాడండి. సంచార పశువైద్య వాహనాల కోసం 1962 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. ముందు దానికి ఫోన్ చేసి మీ ఊరికి బండి ఎప్పుడు వస్తుందో, ఈ పని చేస్తారో లేదో అడగవచ్చు. ప్రైవేటు డాక్టరైతే రానూపోనూ ఖర్చు, మందుల ఖర్చు ముందే మాట్లాడుకోవడం మంచిది. ఆ సమయంలో డబ్బుల లెక్కలు ఎవరికీ బాగుండవు.

డాక్టరు గారిని ఈ నాలుగూ అడగండి: ముందు మత్తు ఇచ్చి తర్వాతే రెండో మందు ఇస్తారా? ఎంతసేపు పడుతుంది? ఆ రోజు మేత ఎప్పుడు ఆపాలి? మేము ఏమేం సిద్ధం చేయాలి?

కుక్క బరువు ముందే చెప్పగలిగితే మంచిది. మందు మోతాదు దాని మీదే ఆధారపడి ఉంటుంది. ధాన్యం తూచే కాటా మీద మీరు దాన్ని ఎత్తుకొని నిలబడి, తర్వాత మీరొక్కరే నిలబడి, తేడా తీస్తే సరి.

ఒక అంగీకార పత్రం కూడా రాసి ఇవ్వాలి. మీ పేరు, ఊరు, కుక్క రంగు, వయసు, జబ్బు, గత 10 రోజుల్లో ఎవరినీ కరవలేదన్న మాట, మీ ఇష్టపూర్తిగానే చేయిస్తున్నామన్న మాట, సంతకం. ఇంట్లో కుక్క ఇద్దరిదైతే ఇద్దరూ ఒప్పుకున్నాకే సంతకం పెట్టండి. తర్వాత నన్నడగలేదే అన్న మాట ఏళ్ల తరబడి మిగిలిపోతుంది.

వాకిట్లో ఏర్పాట్లు

వేళ: వెలుతురు ఉన్నప్పుడే పెట్టుకోండి. నరం దొరకాలంటే డాక్టరుకు బాగా కనిపించాలి. కరెంటును నమ్ముకోవద్దు. వేసవిలో పొద్దున చల్లని పూట మేలు. ఆ రోజు కూలీలు వచ్చే పని, చుట్టాలు వచ్చే పని పెట్టుకోకండి.

చోటు: అది రోజూ పడుకునే చోటే మంచిది. వేపచెట్టు నీడ, అరుగు, కొట్టం గడప, ఏదైనా సరే. కింద ఒక ప్లాస్టిక్ పట్టా, దాని మీద గోనె, పైన పాత దుప్పటి పరవండి. ప్రాణం పోయాక మూత్రం, మలం పడటం సహజం. డాక్టరు కూర్చోవడానికి ఒక పీట, చేతులు కడుక్కోవడానికి బక్కెట్టు నీళ్లు, సబ్బు దగ్గర పెట్టండి.

తిండి: ఆఖరిసారని కడుపునిండా మాంసం పెట్టాలనిపిస్తుంది. మత్తు మందుకు కొన్ని కుక్కలు వాంతి చేసుకుంటాయి. ఇష్టమైనది ముందురోజు పెట్టండి. ఆ రోజు డాక్టరు చెప్పిన వేళకు ఆపండి. మంచినీళ్లు మాత్రం డాక్టరు ఆపమనేదాకా పెడుతూ ఉండండి. ఒళ్లు ఎండిపోతే నరం దొరకడం కష్టమవుతుంది.

పట్టుకునేవారు: దానికి బాగా అలవాటైన మనిషి ఒకరు తల దగ్గర ఉండాలి. ఎంత మంచి కుక్కయినా నొప్పిలో కరవవచ్చు. మెత్తటి గుడ్డ పేలికతో మూతి కట్టడానికి సిద్ధంగా ఉండండి. ఆయాసపడే కుక్కకైతే డాక్టరు చెబితేనే కట్టాలి. చుట్టుపక్కల వాళ్లు గుంపుగా చేరకుండా గేటు వేయండి.

పిల్లలు: ఎక్కడికో పంపేశాం, తప్పిపోయింది అని అబద్ధం చెప్పకండి. నెలల తరబడి వీధుల్లో వెతుకుతారు. నిద్రపుచ్చుతున్నారు అనీ చెప్పకండి. చిన్నపిల్లలు రాత్రి తాము పడుకోవడానికే భయపడతారు. "దానికి జబ్బు నయం కాదు నాయనా, చాలా నొప్పిగా ఉంది, డాక్టరు గారు నొప్పి లేకుండా చనిపోయేలా చేస్తారు" అని నేరుగా చెప్పండి. ముందురోజు దగ్గర కూర్చోనివ్వండి. ఆ సమయానికి ఉంటారో ఉండరో కాస్త పెద్ద పిల్లలనే అడగండి. బలవంతం ఏ వైపూ వద్దు.

ఇంకో కుక్క ఉంటే: దాన్ని దూరంగా కట్టేయండి. వీధి కుక్కల విషయంలో కూడా ఒక కుక్క ఎదుట ఇంకో కుక్కకు ఈ పని చేయకూడదని నిబంధనల్లోనే ఉంది. అంతా అయ్యాక ఒకసారి దగ్గరికి తెచ్చి వాసన చూడనిస్తే కొన్ని కుక్కలు వెతుక్కోవడం మానేస్తాయి. అంటుజబ్బుతో పోయిన కుక్కైతే మాత్రం దగ్గరికి రానివ్వకూడదు.

గొయ్యి: ఇది ముందురోజే తవ్వించండి, కుక్క చూసే చోట కాకుండా. చివరి నిమిషంలో గడ్డపార చప్పుడు వింటూ కూర్చోవడం ఎవరివల్లా కాదు. ఎలా తవ్వాలో కింద చెబుతాను.

అసలు ఏం జరుగుతుంది?

ముందుగా తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

మొదట కండకు ఒక ఇంజెక్షన్ ఇస్తారు. అది మత్తు మందు. సూది గుచ్చిన క్షణం తప్ప వేరే నొప్పి ఉండదు. ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో తల వాలుస్తుంది. నాలుక బయటికి రావచ్చు, గురక పెట్టవచ్చు. మీరు చెప్పవలసిన మాట, నిమరవలసిన నిమురు ఈ నిమిషాల్లోనే. తర్వాత దానికి తెలియదు.

బాగా మత్తులోకి వెళ్లిందని చూసుకున్నాక ముందుకాలి మీద కాస్త బొచ్చు కత్తిరించి, నరంలోకి సూది పెడతారు. ఒళ్లు ఎండిన కుక్కకు రెండు మూడు చోట్ల వెతకవలసి రావచ్చు. కంగారుపడి డాక్టరును తొందరపెట్టకండి. అప్పటికే అది గాఢనిద్రలో ఉంటుంది. ఆ నరం ద్వారా థయోపెంటోన్, పెంటోబార్బిటాల్ లాంటి మత్తుమందును మామూలు మోతాదుకు మించి ఎక్కిస్తారు. ముందు మెదడు, తర్వాత ఊపిరి, ఆ తర్వాత గుండె ఆగుతాయి. ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది.

ఆ తర్వాత కనిపించేవి కొన్ని ఉన్నాయి. కళ్లు తెరిచే ఉంటాయి. ఒకటి రెండుసార్లు ఎగశ్వాస వచ్చినట్టు ఛాతీ కదలవచ్చు. కండరాలు అదరవచ్చు. బతికి ఉందేమోనని గుండె గుభేలుమంటుంది. కాదు, అవి ప్రాణం పోయాక ఒంట్లో మిగిలే కదలికలు. అయినా డాక్టరు స్టెతస్కోపుతో గుండె విని, కంటి గుడ్డు తాకి చూసి చెప్పేదాకా ఆగండి. ఆయన అయిపోయిందన్నాకే కట్లు విప్పాలి.

పూడ్చడంలో జాగ్రత్తలు

శరీరం కొన్ని గంటల్లో బిగుసుకుపోతుంది. వేసవిలో ఇంకా త్వరగా. అందుకని వెంటనే కాళ్లు మడిచి నూలు గుడ్డలో చుట్టండి. ప్లాస్టిక్ సంచిలో కట్టి పూడ్చకండి. మట్టిలో కలవదు.

గొయ్యి నాలుగైదు అడుగుల లోతు ఉండాలి. శరీరం మీద కనీసం మూడడుగుల మట్టి పడాలి. నల్లరేగడి నేలైతే ఇంకాస్త లోతు తీయండి. ఎండాకాలం నెర్రెలు విచ్చి వాసన బయటికి వస్తుంది, నక్కలూ కుక్కలూ తవ్వేస్తాయి. బావికి, బోరుకు, చెరువుకు కనీసం వంద అడుగుల దూరం ఉండాలి. వాననీళ్లు నిలిచే పల్లం, కాలవ గట్టు పనికిరావు. సున్నం, ఉప్పు చల్లడం అలవాటైతే చల్లండి గానీ, కాపాడేది లోతే. పైన బండరాళ్లు పేర్చి తుమ్మకంప వేయండి. పట్టణంలో ఉన్నవారు, సొంత స్థలం లేనివారు పంచాయతీనో మునిసిపాలిటీనో అడిగి వారు చూపిన చోటనే పూడ్చాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇచ్చిన మందు శరీరంలో అలాగే ఉంటుంది. కళేబరాన్ని కాలవలోనో, పొలిమేర దిబ్బ మీదో పారేస్తే దాన్ని తిన్న కుక్కలు, కాకులు, రాబందులు కూడా చస్తాయి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారానే రాబందులను తుడిచిపెట్టేసిందని తేలాక 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. ఒక జీవానికి మేలు చేయబోయి పది జీవాలను చంపకూడదు.

పార్వో, డిస్టెంపర్ లాంటి అంటుజబ్బుతో పోయిన కుక్కైతే అది పడుకున్న గోనెలు కాల్చేయండి. గిన్నె, గొలుసు, నేల బ్లీచింగ్ పొడి నీళ్లతో కడగండి. పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. టీకాలు పూర్తి కాని కొత్త పిల్లను వెంటనే ఆ వాకిట్లోకి తేకండి.

ఆవులు, ఎడ్ల సంగతి

ఇంతవరకు చెప్పింది కుక్కలకు, పిల్లులకు సంబంధించింది. ఆవులు, దూడలు, ఎడ్లు, గేదెల విషయంలో మన రెండు రాష్ట్రాలకూ మూలమైన 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ఉంది. కాబట్టి పడిపోయిన ఎద్దు విషయంలో సొంతంగా ఏమీ చేయకండి, ఎవరి చేతా చేయించకండి. ప్రభుత్వ పశువైద్యాధికారికి చూపించి, ఆయన రాతపూర్వకంగా చెప్పినట్టే నడుచుకోండి. బీమా ఉన్న పశువైతే బీమా కంపెనీకి కూడా ముందే చెప్పాలి. లేకపోతే డబ్బు రాదు.

చివరిగా

రెండేళ్ల కిందట మా ఇంట్లో జిమ్మీకి పాలచిరల దగ్గర గడ్డలు లేచి ఊపిరితిత్తులకు పాకాయి. చిన్నప్పుడే, ఎదకు రాకముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఈ గడ్డలు దాదాపు రావని డాక్టరు గారు అప్పుడు చెప్పారు. కొత్తగా ఆడపిల్లను పెంచుకునేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. క్యాలెండరులో వరసగా పదకొండు ఇంటూలు పడ్డాక డాక్టరు గారిని పిలిచాం. మా నాన్నకు ఇప్పుడు డెబ్బై దాటాయి. నేను చూడను, పొలం పోతానన్నాడు. డాక్టరు బండి ఆగేసరికి మాత్రం వచ్చి దాని తల దగ్గర కూర్చున్నాడు. మొదటి సూది పడ్డ పది నిమిషాలకు అది ఆయన చేతి మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. అంతా అయ్యాక ఆయన డాక్టరును ఒక్కటే అడిగాడు, "ఇంతేనా అయ్యా?" అని. తర్వాత చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. ఏ కుక్కను తలుచుకుంటున్నాడో నాకు తెలుసు.

మీ ఇంట్లో ముసలి కుక్క ఉంటే, అది ఇంకా లేచి తిరుగుతున్నప్పుడే ఒకసారి మీ పశువైద్యశాలకు వెళ్లి ఈ విషయం మాట్లాడి ఉంచండి. డాక్టరు ఎవరో, ఎప్పుడు రాగలరో, గొయ్యి ఎక్కడో తెలిసి ఉంటే ఆ రోజున చెయ్యి పురుగుమందు డబ్బా వైపు పోదు.